జరిమానాతో ముగిసిందనుకున్న కేసు: ఒక కోనసీమ కుర్రాడి రికార్డు తొలగింపు

సంక్రాంతి వెళ్లిన తర్వాత గోదావరి జిల్లాల్లో ఏ మేజిస్ట్రేట్ కోర్టు ఆవరణలో నిలబడినా ఒక మాట వినిపిస్తుంది: "ఫైన్ కట్టేస్తే కేసు పోతుంది." కోడిపందెం బరి దగ్గరో, గుండాట బల్ల దగ్గరో పట్టుబడినవాళ్లు వరుసగా నిలబడతారు. తప్పు ఒప్పుకుంటారు. బరి నడిపిన ఆసామి అందరి జరిమానా ఒకేసారి కట్టేస్తాడు. మధ్యాహ్నానికల్లా ఎవరి ఇంటికి వాళ్లు చేరతారు. వాయిదాలకు తిరిగే శ్రమ తప్పిన మాట నిజమే. కానీ నేరం ఒప్పుకుని జరిమానా కట్టడమంటే శిక్ష పడిందని అర్థం. ఆ శిక్ష స్టేషన్ రికార్డులో, కోర్టు రిజిస్టరులో, ఇప్పుడు ఇంటర్నెట్‌లో కూడా నిలిచి ఉంటుంది. అయిదారేళ్ల తర్వాత ఉద్యోగం దగ్గరో, విదేశీ ప్రయాణం దగ్గరో అడ్డు పడుతుంది.

అలా అడ్డుపడిన ఒక కేసును, దాన్ని తొలగించిన పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. కక్షిదారు అనుమతి తీసుకున్నాను. ఊరినీ, కోర్టునూ, గుర్తుపట్టడానికి వీలైన మిగతా వివరాలనూ వదిలేశాను.

మన దేశంలో శిక్ష పడిన ప్రతి ఒక్కరూ కొన్నేళ్లు మంచిగా నడుచుకుంటే రికార్డు చెరిపేసే సాధారణ చట్టం లేదు. అమెరికాలోని అనేక రాష్ట్రాల్లో అలాంటి పద్ధతి ఉంది. అక్కడ ఉన్న బంధువులు చెప్పింది విని, ఇక్కడా ఒక దరఖాస్తు పెడితే సరిపోతుందని నా దగ్గరికి వచ్చేవాళ్లు చాలామంది. ఇక్కడ ఒక్కో రకం కేసుకు ఒక్కో మార్గం. నడుస్తున్న కేసు అయితే హైకోర్టులో కొట్టివేత కోరవచ్చు. రాజీకి వీలైన నేరమైతే రాజీ చేసుకోవచ్చు, దాని ఫలితం నిర్దోషిగా విడుదలతో సమానం. శిక్ష పడ్డాక మాత్రం మార్గాలు బాగా ఇరుకైపోతాయి. వాటిలో అన్నిటికంటే బలమైనది, అన్నిటికంటే తక్కువగా వాడుతున్నది ఒకటుంది. నేరం జరిగిన రోజున ఆ మనిషి వయసు 18 ఏళ్ల లోపు అయితే బాలల న్యాయ చట్టం, 2015 కింద ఆ శిక్షే చెల్లకుండా పోతుంది. ఈ కేసులో మేము వెళ్లింది ఆ దారినే.

జరిగింది

కక్షిదారుది గోదావరి వైనతేయ పాయ ఒడ్డున ఒక లంక గ్రామం. తండ్రి కొబ్బరి దింపు కార్మికుడు. తల్లి కొన్నేళ్లు కువైట్‌లో ఇంటిపనికి వెళ్లి వచ్చింది. 2019 జనవరిలో, పండగకు కొద్ది రోజుల ముందు, ఒక కొబ్బరితోటలో బరి సిద్ధమవుతుంటే పోలీసులు దాడి చేశారు. కోళ్లు, కత్తులు, కొంత నగదు స్వాధీనం చేసుకుని తొమ్మిది మందిపై ఎఫ్‌ఐఆర్ కట్టారు. మా అబ్బాయి ఏడో ముద్దాయి. మేనమామ వరస ఆయన కోడిని పట్టుకుని నిలబడటమే అతను చేసిన పని. అప్పుడు ఇంటర్మీడియట్ రెండో సంవత్సరం చదువుతున్నాడు.

ఎఫ్‌ఐఆర్‌లో అతని వయసు 19 అని రాశారు. కేసు ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం, 1974లోని 9వ సెక్షన్, జంతుహింస నివారణ చట్టం, 1960లోని 11వ సెక్షన్ కింద. ఈ రెండో చట్టంలో మొదటి తప్పుకు జరిమానా కనీసం 10 రూపాయలు, గరిష్ఠం 50 రూపాయలు. దశాబ్దాల కిందట రాసుకున్న మొత్తం ఇప్పటికీ మారలేదు. పది, యాభై రూపాయల జరిమానా ఒక కుర్రాడి ఉద్యోగానికి అడ్డం పడగలదంటే ఆ ఇంట్లో మొదట ఎవరూ నమ్మలేదు.

ఛార్జిషీటు పడ్డాక తొమ్మిది మందినీ ఒకేరోజు పిలిచారు. అందరూ ఒప్పుకున్నారు, అందరికీ జరిమానా పడింది. "ఫైన్ కట్టేశామండి, రసీదు కూడా ఇచ్చారండి, ఇంక మీకేం సంబంధం లేదని చెప్పారండి" అని తండ్రి ఎంతో నమ్మకంగా చెప్పాడు. ఆయన తప్పేమీ లేదు. ఆ రోజు ఆయనకు ఎవరైనా మరోలా చెప్పి ఉంటే కదా!

2024లో అబ్బాయి ఒక కేంద్ర సాయుధ బలగంలో కానిస్టేబుల్‌గా ఎంపికయ్యాడు. ధ్రువీకరణ ఫారం చేతికొచ్చింది. అందులో ఎప్పుడైనా అరెస్టయ్యారా, మీపై కేసు నడిచిందా, శిక్ష గానీ జరిమానా గానీ పడిందా అని విడివిడిగా ప్రశ్నలుంటాయి. అన్నిటికీ "లేదు" అని రాయబోయాడు. తోటి అభ్యర్థి ఒకడు, ఎందుకైనా మంచిది, ఈ-కోర్ట్స్ వెబ్‌సైటులో పేరు కొట్టి చూసుకోమన్నాడు. చూస్తే, తండ్రి పేరుతో సహా తన పేరు, పక్కన నేరాంగీకారంపై శిక్ష పడినట్టు నమోదు కనిపించాయి. అప్పుడు వాళ్లు నా దగ్గరికి వచ్చారు.

ముందు కాగితాలు

ఏ మార్గం ఉందో చెప్పమని ఒత్తిడి చేసే కక్షిదారుకు నేను చెప్పేది ఒకటే, ముందు నకళ్లు తీద్దామని. ఎఫ్‌ఐఆర్, ఛార్జిషీటు, అరెస్టు మెమో, నేరాంగీకారం నమోదు చేసిన కాగితం, తీర్పు, జరిమానా రసీదు అన్నిటికీ సర్టిఫైడ్ కాపీలకు దరఖాస్తు పెట్టాం. చిన్న కేసుల రికార్డును కోర్టులు ఎక్కువ కాలం ఉంచవు. గడువు దాటితే నిబంధనల ప్రకారం తీసేస్తారు. అలా తీసేశాక స్టేషన్‌లోని నమోదు మాత్రం మిగిలిపోతే పని ఇంకా కష్టమవుతుంది. మా అదృష్టం, ఫైలు ఇంకా ఉంది.

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగింది. 2019లో ఈ స్టేషన్ తూర్పుగోదావరి జిల్లా పోలీసు కార్యాలయం కింద, కాకినాడ కేంద్రంగా ఉండేది. ఇప్పుడు అమలాపురం కేంద్రంగా ఉన్న కోనసీమ జిల్లా కిందికి వచ్చింది. అంటే పాత కేసు నమోదు ఒకచోట, కొత్త ధ్రువీకరణ మరోచోట. డెల్టాలో 2022కు ముందు కేసులు ఉన్నవాళ్లు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. రికార్డు తొలగించమని ఉత్తర్వు తెచ్చుకున్నా దాన్ని రెండు జిల్లాల కార్యాలయాలకూ అందజేయాలి.

నకళ్లు చూడగానే నాకు కనిపించింది వయసు. ఎఫ్‌ఐఆర్‌లో 19, అరెస్టు మెమోలో 19, తీర్పులో 19. అబ్బాయి పదో తరగతి మార్కుల జాబితాలో పుట్టిన తేదీ మాత్రం 2001 ఆగస్టు. ఆ లెక్కన 2019 జనవరిలో అతనికి పదిహేడున్నరేళ్లు కూడా లేవు.

19 ఎక్కడి నుంచి వచ్చింది?

ఆధార్ కార్డు నుంచి. కార్డు మీద పుట్టిన తేదీ 01-01-2000 అని ఉంది. నమోదు చేసేటప్పుడు కాగితం లేకపోతే, ఇంట్లోవాళ్లు చెప్పిన వయసును బట్టి ఏదో ఒక ఏడాది జనవరి ఒకటో తేదీ వేసేయడం ఊళ్లలో జరిగింది. మీ ఇంట్లో పెద్దవాళ్ల కార్డులు చూడండి, జనవరి ఒకటిన పుట్టినవాళ్లు ఎంతమంది ఉంటారో! దాడి జరిగిన రోజున స్టేషన్‌లో ఆ కార్డు చూసి 19 వేశారు. ఆ తర్వాత ఎవరూ దాన్ని తిరిగి చూడలేదు.

చట్టం మాత్రం ఆధార్‌ను లెక్కలోకి తీసుకోదు. బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ వయసు నిర్ధారణకు వరుస క్రమం పెట్టింది. మొదట పాఠశాల ఇచ్చిన పుట్టిన తేదీ ధ్రువపత్రం గానీ, పదో తరగతి బోర్డు ధ్రువపత్రం గానీ. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ జనన ధ్రువపత్రం. అదీ లేనప్పుడు మాత్రమే ఎముకల పరీక్ష. పైది దొరికితే కిందికి దిగనక్కర్లేదు. ఆధార్ కార్డు పుట్టిన తేదీకి రుజువు కాదని సుప్రీంకోర్టు కూడా 2024 అక్టోబరులో ఒక ప్రమాద పరిహారం కేసులో స్పష్టంగా చెప్పింది. ఆ తీర్పు మాకు సరిగ్గా సమయానికి వచ్చింది.

పదో తరగతి జాబితా ఒక్కటీ చాలు. అయినా నేను అక్కడితో ఆగలేదు. పంచాయతీ జనన రిజిస్టరు తీయించాం. అందులో పేరు రాయలేదు, మగశిశువు అని మాత్రమే ఉంది, తేదీ కూడా స్కూలు తేదీకి కొన్ని వారాల తేడాలో ఉంది. ఇలాంటి తేడా కనిపిస్తే కొందరు కంగారుపడి ఆ కాగితం దాచేద్దామంటారు. దాచకూడదు. రెండు తేదీల్లో దేన్ని తీసుకున్నా అబ్బాయి మైనరే. కోర్టుకు మనమే ముందుగా చూపిస్తే, ఎదుటి పక్షం దాన్ని తవ్వి తీసి అనుమానం రేపే అవకాశం ఉండదు.

ఇక అసలు సాక్ష్యం బడి ప్రవేశ రిజిస్టరు. బాలల న్యాయ చట్టం 9వ సెక్షన్ కింద వయసు విచారణలో కోర్టు సాక్ష్యం తీసుకోవాలి, అఫిడవిట్ సరిపోదని చట్టంలోనే రాసి ఉంది. ప్రధానోపాధ్యాయులు రిజిస్టరుతో స్వయంగా రావాలి. 2022 జూలై వరదల్లో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చేదే 17.75 లక్షలకు. లంకల్లో బడులు మునిగాయి. రిజిస్టర్లు పైకి చేర్చినా తడి తప్పలేదు. మా పేజీ అంచులు చెమ్మకు నల్లబడ్డాయి, అక్షరాలు మాత్రం నిలిచాయి. ఆ ప్రధానోపాధ్యాయులు రిజిస్టరును గుడ్డలో చుట్టి పడవ దాటి తెచ్చి, బోనులో నిలబడి పేజీ చదివి వినిపించారు. సొంత సెలవు పెట్టుకుని వచ్చిన ఆ ఉపాధ్యాయుడికి నేను రుణపడి ఉన్నాను.

ఏ దారి పట్టాలి?

మొదట అప్పీలు సంగతి చూశాం. నేరం ఒప్పుకున్నవాడికి శిక్ష పరిమాణం, చట్టబద్ధత మీద తప్ప అప్పీలు లేదని కేసు నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (2024 జూలై నుంచి దాని స్థానంలో కొత్త చట్టం వచ్చింది) 375వ సెక్షన్ అనేది. స్వల్ప జరిమానా కేసుల్లో 376వ సెక్షన్ కింద అసలు అప్పీలే ఉండేది కాదు. రివిజన్ (తీర్పును పరిశీలించమని పై కోర్టును కోరడం) వేయడానికి గడువు 90 రోజులు, అది ఎప్పుడో దాటింది. ఆలస్యం మన్నించమని అడగవచ్చు గానీ, గెలిస్తే కేసు మళ్లీ మొదటికి వస్తుంది. ఉద్యోగం ముంగిట నిలబడిన కుర్రాడికి కేసును మళ్లీ తెరిపించడం మేలు చేయదు.

బాలల న్యాయ చట్టం 9వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ వేరే దారి చూపిస్తుంది. నేరం జరిగిననాటికి తాను బాలుడినన్న మాటను ఏ కోర్టు ముందైనా, ఏ దశలోనైనా, కేసు పూర్తిగా ముగిసిపోయాక కూడా చెప్పుకోవచ్చు. ఇప్పుడు వయసు 18 దాటినా అడ్డు లేదు. విచారణలో బాలుడని తేలితే మూడో ఉపసెక్షన్ ప్రకారం అతన్ని బాలల న్యాయ బోర్డుకు పంపాలి. కోర్టు వేసిన శిక్షకు ఇక ఏ ప్రభావమూ ఉండదు. ఈ సూత్రాన్ని సుప్రీంకోర్టు 2012లో అబుజర్ హుస్సేన్ కేసులోనూ, 2022లో వినోద్ కటారా కేసులోనూ గట్టిగా నిలబెట్టింది. అవి పెద్ద నేరాల కేసులు. అంత పెద్ద నేరాల్లో, అన్నేళ్ల తర్వాత వినదగిన వాదన కోడిపందెం కేసులో ఎందుకు పనికిరాదు?

శిక్ష వేసిన మేజిస్ట్రేట్ కోర్టులోనే పిటిషన్ వేశాం. ప్రాసిక్యూషన్ తరఫున గట్టి అభ్యంతరమే వచ్చింది. తీర్పు మీద సంతకం చేశాక అక్షర దోషాలు దిద్దడం తప్ప దాన్ని మార్చే అధికారం ఆ కోర్టుకు లేదని క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 362వ సెక్షన్ చెబుతోందన్నారు. తేలికగా కొట్టిపారేసే వాదన కాదది. మా జవాబు రెండు భాగాలు. ఒకటి, తీర్పును మార్చమని మేము కోరలేదు. వయసు తేల్చమని మాత్రమే కోరాం. వయసు తేలాక శిక్షను నిష్ప్రభావం చేసేది చట్టమే. రెండు, బాలల విషయంలో ఇతర చట్టాల్లో ఏమున్నా తనదే పైచేయి అని బాలల న్యాయ చట్టం మొదటి సెక్షన్ నాలుగో ఉపసెక్షన్‌లోనే ఉంది. పెద్దవాళ్లతో కలిపి బాలుడిపై విచారణ జరపరాదని 23వ సెక్షన్ నిషేధించిన సంగతీ చూపించాం. తొమ్మిది మందికి ఒకే తీర్పు ఇచ్చిన కేసులో ఆ నిషేధం తప్పిపోయిందని వేరే చెప్పనక్కర్లేదు.

మేజిస్ట్రేట్ ఓపికగా విన్నారు. ప్రధానోపాధ్యాయుల సాక్ష్యం, పదో తరగతి జాబితా, పంచాయతీ రిజిస్టరు మూడూ పరిశీలించి, నేరం జరిగిన రోజున ఏడో ముద్దాయి బాలుడేనని నమోదు చేశారు. ఫైలును బోర్డుకు పంపారు.

బోర్డు ముందు

ఇక్కడికి వచ్చేసరికి ఇంట్లోవాళ్లకు మళ్లీ భయం పట్టుకుంది. శిక్ష చెల్లదన్నాక మళ్లీ బోర్డు ఎందుకని. చెల్లకుండా పోయింది పెద్దవాళ్ల కోర్టు వేసిన శిక్ష. నేరారోపణ మీద తగిన ఉత్తర్వు వేయాల్సింది బోర్డు. రికార్డు నాశనం చేయమని ఆదేశించే అధికారం ఉన్నదీ బోర్డుకే. కాబట్టి బోర్డును తప్పించుకోవాలని చూడకూడదు, అక్కడికే వెళ్లాలి.

మూడేళ్ల వరకు శిక్ష పడే నేరాలు ఈ చట్టంలో చిన్న నేరాలు, వాటిని సంక్షిప్త పద్ధతిలో తేల్చాలి. ప్రొబేషన్ అధికారి లంకకు వెళ్లి ఇంటివాళ్లతో, ఇరుగుపొరుగుతో మాట్లాడి సామాజిక పరిశీలన నివేదిక ఇచ్చారు. తండ్రి చెట్టు మీద నుంచి జారి నడుముకు దెబ్బ తగిలించుకున్న ఏడాది, అబ్బాయి చదువు మానకుండా కొబ్బరి ఒలుపు పనికి వెళ్లి ఇల్లు నెట్టుకొచ్చిన సంగతి నాకు ఆ నివేదిక చూసేదాకా తెలియదు. అతను ఎప్పుడూ చెప్పుకోలేదు. బోర్డు 18వ సెక్షన్‌లోని మొదటి మార్గాన్ని, అంటే మందలించి ఇంటికి పంపడాన్ని ఎంచుకుంది.

ఆ వెంటనే 24వ సెక్షన్ కింద మేము వేసిన దరఖాస్తు విచారణకు వచ్చింది. ఈ సెక్షన్‌లో రెండు భాగాలున్నాయి. మొదటిది, ఈ చట్టం కింద తేలిన బాలుడికి శిక్ష కారణంగా వచ్చే ఏ అనర్హతా వర్తించదు. రెండోది, అప్పీలు గడువు ముగిశాక లేదా నియమాల్లో చెప్పిన సమంజసమైన కాలం తర్వాత రికార్డు నాశనం చేయమని పోలీసులను బోర్డు ఆదేశించాలి. పదహారేళ్లు నిండి, ఘోర నేరంలో పెద్దవాళ్లతో సమానంగా విచారణ జరిగినవాళ్లకు మాత్రం ఈ రక్షణ లేదు.

గొడవంతా ఆ కాలం దగ్గర వచ్చింది. 2016 నమూనా నియమాల్లో 14వ నియమం రికార్డును అప్పీలు గడువు వరకు లేదా ఏడేళ్ల వరకు భద్రపరచి, అంతకుమించి ఉంచకుండా నాశనం చేయాలంటుంది. ఏడేళ్లు ఆగాలని పోలీసుల వైపు నుంచి వాదన. మందలింపు ఉత్తర్వు మీద అప్పీలు గడువు 30 రోజులు, ఎవరూ అప్పీలు వేయకపోతే అట్టే పెట్టుకోవడానికి కారణమే లేదని మా వాదన. బాలల పాత రికార్డు ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప చెరిగిపోవాలని అదే చట్టం 3వ సెక్షన్ మూలసూత్రంగా పెట్టుకుంది. బోర్డు మాతో ఏకీభవించింది. అప్పీలు గడువు ముగిశాక నాశనం చేయాలని, ఈలోగా సీలు వేసిన కవరులో ఉంచాలని ఉత్తర్వు ఇచ్చింది. ఏడేళ్లన్న వాదన నెగ్గి ఉన్నా కుర్రాడికి నష్టం జరిగేది కాదు. రికార్డు ఉన్నంతకాలం కూడా దాన్ని ప్రవర్తన ధ్రువీకరణ కోసం బయటపెట్టరాదని 74వ సెక్షన్ రెండో ఉపసెక్షన్ పోలీసులను కట్టడి చేస్తుంది. ఈ సెక్షన్ నకలును ఉత్తర్వుకు జతచేసి ఇవ్వడం నా అలవాటు. స్టేషన్‌లో సిబ్బంది మారుతుంటారు, కొత్తగా వచ్చినవారికి చట్టం ఎదురుగా కనిపించాలి.

ఉత్తర్వు చేతికొచ్చాక

చాలామంది ఇక్కడే పని అయిపోయిందనుకుంటారు. అసలు శ్రమ ఇక్కడ మొదలవుతుంది, ఎందుకంటే ఒక కేసు ఒకచోట ఉండదు. స్టేషన్‌లో ఎఫ్‌ఐఆర్ పుస్తకం, జనరల్ డైరీ, శిక్షల రిజిస్టరు. జిల్లా క్రైమ్ రికార్డ్స్ బ్యూరోలో ఒక నమోదు. పోలీసుల సీసీటీఎన్‌ఎస్ కంప్యూటర్ వ్యవస్థలో మరొకటి. కోర్టు ఫైలు. ఈ-కోర్ట్స్ వెబ్‌సైటు. దానికితోడు, సున్నితమైనవి తప్ప మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైటులో పెట్టాలని 2016లో యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది కాబట్టి, 2019 నాటి ఈ ఎఫ్‌ఐఆర్ కూడా అక్కడ ఉంది. "రికార్డు నాశనం చేయాలి" అని ఒక్క ముక్క రాసిన ఉత్తర్వు పట్టుకెళితే ఎదురుగా ఉన్న ఒక్క రిజిస్టరు చూసి మిగతావి వదిలేస్తారు. అందుకే దరఖాస్తులోనే ఒక్కో చోటునూ పేరుపెట్టి అడిగాం, ఉత్తర్వులోనూ అలాగే వచ్చింది.

రెండో చిక్కు ఇంకా గట్టిది. ఎఫ్‌ఐఆర్ తొమ్మిది మందిది. మిగతా ఎనిమిది మంది పెద్దవాళ్లు, వాళ్ల రికార్డు నాశనం చేయడానికి వీల్లేదు. ఆ ఎఫ్‌ఐఆర్‌ను అలాగే ఉంచి ఏడో ముద్దాయి పేరు, తండ్రి పేరు, చిరునామా, వేలిముద్రలు, ఫొటో మాత్రం తొలగించాలి. కాగితం మీద నల్లసిరా పూసి అధికారి సంతకం పెట్టారు. సీసీటీఎన్‌ఎస్‌లో ఆ ముద్దాయి వివరాలను తొలగించడానికి స్టేషన్ స్థాయిలో వీలు లేక జిల్లా కార్యాలయం ద్వారా పైకి రాయించాం. దీనికే ఎక్కువ సమయం పట్టింది. కోర్టు వెబ్‌సైటులో పేరు కనిపించకుండా చేయమని మేజిస్ట్రేట్ కోర్టులో వేరే మెమో వేశాం. బాలుడి గుర్తింపు బయటపెట్టరాదన్న 74వ సెక్షన్ మొదటి ఉపసెక్షన్‌నే అక్కడ ఆధారంగా చూపించాం.

అన్నీ అయ్యాక ప్రతి కార్యాలయం నుంచి అమలు నివేదిక బోర్డుకు చేరేలా చూశాను. ఆ నివేదికలు లేకపోతే ఉత్తర్వు బీరువాలో పడి ఉంటుంది, రికార్డు మాత్రం దాని చోట అది ఉంటుంది. ప్రైవేటు పరిశీలన సంస్థలు గతంలోనే సేకరించి దాచుకున్న సమాచారం ఏదైనా ఉంటే దానికి ఈ ఉత్తర్వు నకలుతో విడిగా నోటీసు పంపాలి.

ఫారంలో ఏం రాయాలి?

ధ్రువీకరణ ఫారం గడువు వీటన్నిటికంటే ముందే వచ్చింది. అప్పటికి మేజిస్ట్రేట్ వయసు నిర్ధారించారు, బోర్డు ఉత్తర్వు ఇంకా రాలేదు. "లేదు" అని రాయొచ్చా అని అబ్బాయి అడిగాడు. "అందరూ అలాగే రాస్తున్నారు సార్" అన్నాడు.

ఈ విషయంలో న్యాయవాదుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. 2019లో రమేశ్ బిష్ణోయ్ కేసులో సుప్రీంకోర్టు, బాల్యంలో నమోదైన కేసును కారణంగా చూపి కేంద్ర పారిశ్రామిక భద్రతా దళమైన సీఐఎస్‌ఎఫ్ సబ్ ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం నిరాకరించడం చెల్లదంది. ఆ బలంతో, బాల్యపు కేసును అసలు చెప్పనక్కర్లేదని కొందరంటారు. నేను వాళ్ల వాదనను గౌరవిస్తాను, కానీ నా కక్షిదారుకు ఆ సలహా ఇవ్వలేదు. 2016లో అవతార్ సింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఇచ్చిన తీర్పును యూనిఫాం ఉద్యోగాల అభ్యర్థులందరూ తెలుసుకోవాలి. అభ్యర్థి ఇచ్చే సమాచారం నిజమై ఉండాలని, చిన్న వయసులో చేసిన స్వల్ప నేరమైతే యజమాని మన్నించవచ్చని అది చెబుతుంది. నేను చూసినంతలో ఉద్యోగాలు పోయింది నేరం వల్ల కాదు, దాచడం వల్ల. చిన్న కేసు దాచితే అది నిజాయితీ ప్రశ్న అవుతుంది, అప్పుడు వాదించడానికి మన దగ్గర ఏమీ మిగలదు. పైగా ఆ రోజుకు ఈ కేసు ఇంకా వెబ్‌సైటులో కనిపిస్తూనే ఉంది.

అందుకని "అవును" అని రాయించి ఒక అనుబంధం జతచేశాం. కేసు నంబరు, సెక్షన్లు, జరిమానా, నేరం నాటికి తాను బాలుడినని కోర్టు నిర్ధారించిన సంగతి, బోర్డు ముందు విచారణ జరుగుతున్న సంగతి, 24వ సెక్షన్ రక్షణ. అన్నీ కలిపి ఒకటిన్నర పేజీ. బోర్డు ఉత్తర్వు రాగానే దాని నకలును రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. నియామక కార్యాలయం వివరణ కోరింది, ఫైలు నెలల తరబడి కదల్లేదు. తనతో ఎంపికైనవాళ్లు శిక్షణకు వెళ్లిపోతుంటే ఆ కుర్రాడు పడ్డ వేదన నేను చూశాను. రాత్రిపూట ఫోన్ చేసి, "లేదని రాసుంటే ఈపాటికి నేనూ వెళ్లేవాడిని కదా సార్" అనేవాడు. చివరికి తర్వాతి విడత శిక్షణకు పిలుపు వచ్చింది. సీనియారిటీ కొంత పోయింది. దాని మీద వ్యాజ్యం వేద్దామా అని అడిగితే, ముందు శిక్షణ పూర్తి చేసుకుంటానన్నాడు.

మిగతా ఎనిమిది మంది

ఈ సంగతి ఊళ్లో తెలిశాక, అదే కేసులో ఉన్న మరొకతను వచ్చాడు. 2019లో అతని వయసు 24. కువైట్‌లో డ్రైవరు పని కుదిరింది, పోలీసు క్లియరెన్స్ కావాలి. "ఆ అబ్బాయికి చేసినట్టే నాకూ చేయండి" అన్నాడు. అతనికి ఆ తలుపు లేదని చెప్పడం నాకు కష్టంగానే అనిపించింది.

అతని కాగితాలూ తీశాను. ముద్దాయి ఒప్పుకున్నప్పుడు అతను అన్న మాటలనే వీలైనంతవరకు యథాతథంగా రాసుకోవాలని అప్పటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 252వ సెక్షన్ చెప్పేది. ఇక్కడ తొమ్మిది మందికీ కలిపి ఒకే వాక్యం టైపు చేసి ఉంది. రివిజన్‌కు అది మంచి ఆధారమే. కానీ గెలిస్తే ఏమవుతుంది? శిక్ష రద్దవుతుంది, కేసు మళ్లీ విచారణకు వస్తుంది. పాస్‌పోర్టు చట్టం, 1967లోని 6వ సెక్షన్ ప్రకారం పాస్‌పోర్టు నిరాకరించడానికి కారణమయ్యే శిక్ష అంటే, గత అయిదేళ్లలో నైతిక పతనంతో కూడిన నేరానికి కనీసం రెండేళ్ల జైలు పడి ఉండాలి. కోడిపందెం జరిమానా ఆ దరిదాపులకు కూడా రాదు. కోర్టులో పెండింగులో ఉన్న కేసు మాత్రం అదే సెక్షన్ కింద అడ్డమవుతుంది. ముగిసిన కేసును తెరిపిస్తే, ఇప్పుడు లేని అడ్డంకిని మనమే తెచ్చిపెట్టుకున్నట్టవుతుంది.

2019లో ఆ రోజున ఒక్క మాట అడిగి ఉంటే అతని పరిస్థితి వేరుగా ఉండేది. రెండేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాల్లో, పాత శిక్షలు లేని వ్యక్తిని జరిమానా లేకుండా మందలించి వదిలేసే అధికారం ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం, 1958లోని 3వ సెక్షన్ కింద కోర్టుకు ఉంది. అలా వదిలితే 12వ సెక్షన్ కింద ఆ శిక్ష వల్ల వచ్చే అనర్హత వర్తించదు. సంక్రాంతి కేసుల్లో ఒప్పుకోవడానికి నిలబడే ముందు ఈ సెక్షన్ పేరు చెప్పి అడగండి. మీ తరఫున వచ్చిన న్యాయవాదిని అడగమనండి. 18 లోపు పిల్లవాడు వరుసలో ఉంటే ఆ క్షణంలోనే పదో తరగతి జాబితా తీసి మేజిస్ట్రేట్‌కు చూపించండి.

ఇతని తరఫున రివిజన్ వేయలేదు. తీర్పు నకలు, జరిమానా రసీదు, కేసు ముగిసిందని కోర్టు ఇచ్చిన ధ్రువీకరణ జతచేసి, జరిగింది జరిగినట్టు రాసి, క్లియరెన్స్‌కు దరఖాస్తు పెట్టించాను. స్టేషన్ నుంచి నివేదిక రావాల్సి ఉంది.